గాజుల బండికి గాలి చక్రాలు

మొన్న బంతిపూల కోసం నేనూ మా చిన్నోడూ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లాం. వాడు కొన్న కొత్త కారుకు పూజ చేయించాలని మా ఇంటావిడ పట్టు. పూలు బేరమాడి మోసుకొచ్చేసరికి కారు వెనక చక్రం ఒకటి నేలకు కరుచుకుని కూర్చుంది. మేకు దిగింది. పూజ కాకముందే పంక్చర్ అయిందని తెలిస్తే ఇంట్లో ఎంత లొల్లి అవుతుందో నాకు తెలుసు కాబట్టి, ఈ సంగతి ఇద్దరి మధ్యే ఉండాలని వాడితో అక్కడే ఒప్పందం చేసుకున్నాను. గేటు పక్కన ఒక పంక్చర్ అతను ఉన్నాడు. అతను జాకీ పెట్టలేదు, చక్రం విప్పలేదు, నీళ్ల తొట్టి తేలేదు. మేకును పట్టకారుతో పీకి, ఆ బెజ్జంలోకి దబ్బనం లాంటి దానితో ఒక రబ్బరు తాడు గుచ్చి, బయట మిగిలిన తోకను బ్లేడుతో కోసి, గాలి కొట్టి చేతులు దులుపుకున్నాడు. నా చాయ్ ఇంకా సగం కూడా కాలేదు. అలవాటు కొద్దీ నోరు జారి, "ట్యూబు చూడవా అన్నా?" అని అడిగాను. అతను నన్ను కిందికీ మీదికీ చూసి, "దీంట్ల ట్యూబే ఉండది పెద్దాయనా" అన్నాడు. మా చిన్నోడు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు. వాడు నవ్వుకోవడంలో న్యాయముంది. వాడి తండ్రి సగం జీవితం టైర్ల వాసనలోనే గడిపాడు మరి.

ఆ పూలబుట్టల మధ్య నిలబడి నేను మా మామను తలుచుకున్నాను. మామ అంటే మా ఇంటావిడ తండ్రి. ఆయన ఉండి ఆ పని చూసి ఉంటే, "మొదలు ఇనుము తీసేసిండ్రు, తర్వాత కట్టె తీసేసిండ్రు, ఇప్పుడు ట్యూబు తీసేసిండ్రు. ఇగ చక్రం తీసేసుడొక్కటే బాకీ" అని ఉండేవాడు. అని, మీసం కింద నవ్వుకుని, ఆ పంక్చర్ అతని దగ్గరే కూర్చుని, ఆ రబ్బరు తాడు ఎక్కడ దొరుకుతుందో, ఎన్నాళ్లుంటుందో అంతా అడిగి తెలుసుకుని గానీ లేచేవాడు కాదు.

మామది హుస్సేనీ ఆలం. చక్రాలు చేసే పని. ఝట్కాలకు, ఎద్దుబండ్లకు, తోపుడు బండ్లకు ఆయన చేతి చక్రాలు పాతబస్తీ అంతా తిరిగేవి. నేను చిన్నప్పుడే బడి మానేసినవాణ్ని. నేను మానేశానని మా పంతులు బాధపడ్డట్టు కూడా ఎవరూ నాకు చెప్పలేదు. అటూ ఇటూ తిరిగి, జహనుమాలో పాత టైర్లకు కొత్త రబ్బరు పట్టించే ఒక షాపులో కుదిరాను. నాకు పెళ్లి చూపులు జరిగేనాటికి మీసాలు బాగానే వచ్చాయి, పని కూడా బాగానే వచ్చింది. మామ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏం పని జేస్తవ్?" అని అడిగాడు. "అరిగిపోయిన టైర్లకు కొత్త రబ్బరు ఏస్తం" అన్నాను. ఆయన, "అంటే ముసలోళ్లను పెండ్లికొడుకులు జేస్తరన్నట్టు" అన్నాడు. లోపల తలుపు చాటున ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కుమన్న ఆవిడతోనే నాకు పెళ్లయింది. పెళ్లయిన వారానికే ఆవిడ నా దిండు నాకు వేరుగా పెట్టి, "మీ తల తోటి నా దిండు గూడ లారీ లెక్క వాసనొస్తుంది" అంది. మామ కూతురు కదా.

మా షాపు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా, నోట్లో ఎప్పుడూ పాన్‌తో ఉండేవాడు. అక్కడి పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే రాబోయే కథ అందదు. లారీ టైరు అరిగి బోడిగుండైతే మా దగ్గరికి వచ్చేది. దాన్ని ముళ్ల ఆకురాయి మీద గీకి గరుకు చేసేవాళ్లం. గాయాలుంటే లోపలి వైపు నుంచి మందపాటి గుడ్డ రబ్బరు ముక్కలు అతికేవాళ్లం. పైన జిగురు పూసి, పచ్చి రబ్బరు పట్టీ చుట్టి, ఇనుప అచ్చులో బిగించి ఆవిరి పట్టించేవాళ్లం. అచ్చు తెరిచినప్పుడు వచ్చే ఆ వేడి వాసన, మిఠాయి కాలినట్టూ చెప్పు కాలినట్టూ రెండూ కలిసిన వాసన, నాకు ఇప్పటికీ ఆకలి పుట్టిస్తుంది. అచ్చులోంచి వచ్చిన టైరు నల్లగా, తళతళలాడుతూ, గళ్లు గళ్లుగా కొత్త పెళ్లికొడుకులానే ఉండేది; మామ అన్న మాట తప్పేం కాదు. ట్యూబు ఎక్కించి గాలి నింపాక ఉస్తాద్ వచ్చి ఇనుప కడ్డీతో దాన్ని ఒక్కటి కొట్టేవాడు. ఠంగుమని మోగితే పాస్. దబ్బుమంటే, "ఔర్ మార్ మియా, ఇంక గొట్టు" అనేవాడు. బియ్యం బస్తాలు, షాబాద్ బండలు మోసే లారీలకు అంత గాలి కావాలి. మాకు తెలిసిన గాలి ఒక్కటే, లారీ గాలి. ప్రపంచంలో ఇంకో రకం గాలి ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు.

మామ పని వేరే లోకం. తుమ్మ కట్టె, మద్ది కట్టె తెచ్చి ఆరబెట్టి, ఆకులనే అడ్డకర్రలు చెక్కి, నడిమి కుండలో దిగగొట్టి, చుట్టూ వంపు ముక్కలు కలిపి చక్రం చేసేవాడు. ఆ తర్వాత దానికి ఇనుప పట్టా తొడగడమనే తతంగం ఉండేది. అది చూడటానికి గల్లీ అంతా వచ్చేది. పిడకలు గుండ్రంగా పేర్చి, మధ్యలో పట్టా పెట్టి కాల్చేవారు. అది ఎర్రబడి సాగాక ఇద్దరు పట్టకార్లతో పట్టుకుని కట్టె చక్రం మీద దించేవారు. కట్టె భగ్గుమని అంటుకునేది, వెంటనే బిందెలతో నీళ్లు పోసేవారు, ఆవిరి లేచి ఎవరి మొహం ఎవరికీ కనిపించేది కాదు. ఆ ఆవిరిలోంచి చక్రం మూలిగేది. ఇనుము చల్లబడి బిగుసుకుంటుంటే కట్టె కీళ్లన్నీ దగ్గరికి నొక్కుకుని చేసే చప్పుడది. మామ చెవి దగ్గర పెట్టి విని, "కలిసింది" అనేవాడు. ఝట్కాల వాళ్లు మాత్రం ఇనుము వద్దని, చక్రం చుట్టూ గాడిలో గట్టి రబ్బరు పట్టీ వేయించుకునేవారు. ఆ పట్టీలో గాలీ ట్యూబూ ఏమీ ఉండవు, మొత్తం రబ్బరే. బంధించడానికి లోపల తీగ. షరీఫ్ ఇళ్ల, అంటే పెద్దింటి ఆడవాళ్లు పరదా బండ్లలో వెళ్తుంటే చప్పుడు రాకూడదు కదా. రబ్బరు విషయంలో మామ ఒప్పుకున్న హద్దు అదే. అంతకుమించి ఆయన ఒక్క అంగుళం జరగలేదు. "రబ్బరు సరే. లోపట గాలి పెట్టుడేంది? కంటికి కనవడనిదాని మీద బండినెట్ల నిలవెడ్తరు?" అనేవాడు. నేను లారీలు, బస్సులు చూపించేవాణ్ని. "అవన్ని సర్కారు లెక్క. నడుస్తయ్, ఎందుకు నడుస్తున్నయో ఎవనికి ఎర్క లేదు" అనేవాడు.

డెబ్బైల మొదట్లో ఝట్కాలు తగ్గిపోయాయి. ఆటోలు పసుపు నలుపు రంగుల్లో ఈగల్లా ముసిరాయి. కొత్త చక్రం చేయించుకునేవాడు ఏడాదికి ఒకడో ఇద్దరో. మామకు ఇక మిగిలింది ఒక ఒంటెద్దు బండి, ఒక తెల్లటి ఎద్దు, ఒక సేటు. ఆ సేటుది లాడ్ బజార్‌లో గాజుల హోల్‌సేల్. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. ఉత్తరాది నుంచి గాజుల పెట్టెలు రైల్లో కాచిగూడ గూడ్స్ షెడ్డుకు వచ్చేవి. అక్కడి నుంచి హుస్సేనీ ఆలంలో ఉన్న సేటు గోదాముకు వాటిని తెచ్చేది మామే. గాజుల కోసమని ఆయన తన బండి చక్రాలకు ప్రత్యేకంగా ఆ గట్టి రబ్బరు పట్టీ వేసుకున్నాడు. పెట్టెలు ఎక్కించే ముందు తానే మూతలు తీసి, లోపల వరిగడ్డి సర్దేవాడు. ఆ పని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ సరుకే ఆయన బువ్వ. మా అత్త చనిపోయాక ఆ బండే ఆయనకు తోడు కూడా.

అయినా గాజులు పగిలేవి. చాదర్‌ఘాట్ వంతెన నుంచి చార్మినార్ దాకా ఉన్న ఆ రోడ్డు మీద మనిషి పళ్లే కదిలిపోయేవి, గాజులెంత? సేటు ఏళ్ల తరబడి ఓర్చుకున్నాడు. ఒకరోజు మా ఉస్తాద్ ఏదో పని మీద సేటు దగ్గరికి వెళ్లి, మాటల్లో మాటగా, బండికి కట్టె చక్రాలు తీసి గాలి టైర్లు వేస్తే గుడ్లు కూడా పగలవని చెప్పి వచ్చాడు. పాత జీపు ఇరుసు ఒకటి, మేము రబ్బరు పట్టించిన టైర్లు రెండు, వాటి మీద పలకల బండి. నెల తిరిగేసరికి అది మా షాపు ముందు నిలబడి ఉంది. ఎర్ర రంగు కూడా వేశారు. సేటు మామను పిలిచి చెప్పాడు: "నీ మీద నాకు నారాజ్ లేదు భాయ్. కాని పగిలిన గాజు ఎవ్వరు కొనరు గదా. ఒక ఖేపు సరుకు నీ బండి మీద తే, ఒక ఖేపు గాలి బండి మీద తే. దేంట్ల తక్కువ పగిల్తే ఇగ సరుకు దాని మీదనే."

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఉస్తాద్ దగ్గర బండి ఉంది గాని ఎద్దు లేదు. ఎద్దు మారితే నడక మారుతుందని, తోలేవాడు మారితే చెయ్యి మారుతుందని, పోటీ అంటే పోటీలా ఉండాలని సేటే తేల్చాడు. కాబట్టి రెండు బండ్లకూ మామ ఎద్దే, రెండు బండ్లనూ తోలేది మామే. అంటే మామ తన బువ్వను తానే పోటీకి తోలుకు రావాలి. నేను ఉస్తాద్ మనిషిగా రెండు ఖేపుల్లోనూ పక్కన నడవాలి. ఆ ముందు రోజు మా ఇంటావిడ రొట్టెలు కొడుతూ నా వైపు చూడకుండానే అంది: "బాపు బండి ఓడిపోయిందనుకో, మీరు గా జహనుమాలనే పండుకోండ్రి. ఈడికి రావద్దు." నేను కొంటెగా, "షాపుల దిండు లేదే" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ నవ్వకపోతే విషయం పెద్దదని అర్థం.

మొదటి ఖేపు మామ బండి. పొద్దున్నే కాచిగూడలో పెట్టెలు ఎక్కించాం. మామ ప్రతి పెట్టెలో చెయ్యి పెట్టి గడ్డిని తడిమి చూశాడు, కొన్నిచోట్ల లాగి పారేశాడు, కొన్నిచోట్ల జొనిపాడు. ఎద్దు మెడ నిమిరి బయలుదేరాడు. నేను పక్కన నడుస్తూ, ప్రతి గుంట దగ్గరా చెవులు రిక్కించి వింటూ, లోపల ఎక్కడా గల్లుమనకూడదని మనసులో మొక్కుకుంటూ వచ్చాను. జీతం ఉస్తాద్‌ది, మొక్కులు మామకు. మామ గుంటలను ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచినంత పరిచయంగా తప్పించుకుంటూ పోయాడు. అయినా దారుల్‌షిఫా దగ్గర ఒక బస్సు అడ్డం వచ్చి, బండి ఒక పక్కకు దిగబడి లేచింది. లోపల చిన్నగా గలగలమంది. మామ మొహం చూడలేదు నేను. గోదాములో సేటు దుప్పటి పరిచి పెట్టెలు విప్పించాడు. పగిలిన ముక్కలన్నీ ఒక పక్కన కుప్ప పోశారు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎండలో భలే అందంగా ఉంది. పెద్ద కుప్ప కాదు. ఎప్పుడూ వచ్చేదానికంటే తక్కువే. మామ తన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "ఇగ నీ గాలిని తోలుకొస్త పద" అన్నాడు.

రెండో ఖేపుకు బండి సిద్ధం చేసింది నేనే. ఉస్తాద్ పద్ధతిలోనే నింపాను. ఆయన వచ్చి కడ్డీతో కొట్టాడు. ఠంగుమంది. మళ్లీ కొట్టాడు, గుడి గంటలా మోగింది. "షాబాష్" అని ఆయన సేటు గోదాము దగ్గర కూర్చోవడానికి ముందే వెళ్లిపోయాడు. మేము కాచిగూడలో పెట్టెలు ఎక్కించి బయలుదేరాం. బజారు దాటకముందే బండి సంగతి అర్థమైపోయింది. అది నడవడం లేదు, ఎగురుతోంది. చిన్న రాయి తగిలినా బంతిలా లేస్తోంది. కాడి ఎద్దు మెడ మీద టపటపా కొట్టుకుంటోంది. లోపల గాజుల చప్పుడు వినిపిస్తోంది. గల్లుమని కూడా కాదు, నెమ్మదిగా, విడవకుండా, పళ్లు నూరినట్టు. నాకు లోపల ఒక వింత సంతోషం పుట్టింది. మా షాపు బండి ఓడిపోతోంది, మామ బువ్వ నిలబడుతోంది, నాకు ఇంట్లో దిండు ఉంటుంది. అలాగే పోనీ, దేవుడా, అలాగే పోనీ అనుకుంటూ నడిచాను.

చాదర్‌ఘాట్ వంతెన దిగాక మామ బండి ఆపేశాడు. దిగాడు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి చూశాడు. వెనక్కి వచ్చి టైరు మీద బొటనవేలితో నొక్కాడు. నొక్కు పడలేదు. అరచేత్తో చరిచాడు. వెనక ఒక రిక్షా అతను, "ఆగే చల్ బాబా, ముందుకు నడు" అని అరుస్తున్నాడు. మామ వినిపించుకోలేదు.

"ఏంది అల్లుడా గిది? కట్టె లెక్క నింపినవ్."

"గంతే నింపుతం మామా. లారీలకన్నిటికి గంతే."

"ఇది లారీయా?"

"కాదు గాని..."

"లోపట బండలున్నయా?"

"గాజులున్నయ్" అన్నాను. ఆయనకు తెలియకనా.

"గడ్డి గట్టిగ కుక్కితే ఏమైతది? గాజు ఇరుగుతది. కొంచెం మెత్తగ పెడ్తెనే గదా అది ఊగి బతుకుతది. నీ గాలి గూడ గడ్డి లెక్కనే గదనయ్యా. తియ్యి."

నేను కదల్లేదు. ఆయన మొహంలోకి చూసి, ఎవరూ వినకుండా మెల్లగా చెప్పాను: "ఊకో మామా. పోనీ గిట్లనే. నీకే మంచిది."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎండలో ఆయన కనుబొమల మీద గడ్డి పోగు ఒకటి అతుక్కుని ఉంది. దాన్ని చేత్తో తీసేసుకుని, "ఎద్దు మెడ మీద కాడి ఎగుర్తుంది. సూస్తలెవ్వా? తియ్యి" అన్నాడు.

వాల్వు టోపీ విప్పి, పుల్లతో నొక్కి గాలి వదిలాను. బుస్సుమంటూ పోతోంది. మామ టైరు మీద బొటనవేలు ఆనించి, "ఇంక... ఇంక... ఇంకొంచెం" అంటూ కూర్చున్నాడు, అచ్చం చక్రం మూలుగు వింటున్నప్పటిలా తల ఒక పక్కకు వంచి. రెండు వైపులా అయ్యాక లేచి, బండి పట్టుకుని ఊపి చూశాడు. "ఆఁ, ఇప్పుడు పండుకున్నట్టుంది" అన్నాడు. అక్కడి నుంచి హుస్సేనీ ఆలం దాకా బండి చప్పుడే లేదు. లాడ్ బజార్‌లో జనం మధ్య నుంచి వెళ్తుంటే దారి ఇవ్వమని మామ అరవాల్సి వచ్చింది. అంతకుముందు ఆయన బండి కట్టె కిరకిరకే జనం పక్కకు జరిగేవారు. మధ్యలో ఒకసారి, ఒక గుంటలోంచి బండి మెత్తగా దిగి మెత్తగా ఎక్కినప్పుడు, ఆయన వెనక్కి తిరిగి టైరు వైపు చూశాడు. కొత్త కోడలి పనితనం చూసి మెచ్చుకోవాలా వద్దా అని తేల్చుకోలేని అత్తగారి చూపు అది.

గోదాములో పెట్టెలు విప్పారు. కాచిగూడ నుంచి వంతెన దాకా పగిలినవే తప్ప ఆ తర్వాత పగిలినవి లేవు. దుప్పటి మీద రెండో కుప్ప మొదటి దానిలో సగం కూడా లేదు. ఉస్తాద్ పాన్ ఉమ్మి వచ్చి, అందరి ముందూ నా భుజం చరిచి, "దేఖా? గాలి దమ్ము" అన్నాడు. సేటు మామ వైపు తిరిగాడు. "మరి అనుకున్న మాట భాయ్" అన్నాడు. మామ, "అనుకున్న మాటనే సేటూ" అన్నాడు. ఎద్దును ఎర్ర బండి నుంచి విప్పి, తన పాత బండికి కట్టుకుని, ఖాళీగా ఇంటికి తోలుకుపోయాడు. దారిలో ఆగి గాలి తీయించింది ఎవరో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి సంగతి నాకంటే ముందే చేరిపోయింది. "బాపు నోటికాడి బువ్వల గాలి గొట్టి వచ్చిండ్రా?" అంది మా ఇంటావిడ. నేను జరిగింది చెప్పాను. నమ్మలేదు. "బాపు అట్ల జేస్తడా? ఎట్ల జేస్తడు? కతలు జెప్పకుండ్రి" అంది. మర్నాడు తానే హుస్సేనీ ఆలం వెళ్లి తండ్రిని అడిగి వచ్చింది. నా పళ్లెంలో జొన్నరొట్టె వేసి, అది అయిపోకముందే ఇంకొకటి వేసింది, దాని మీద నెయ్యి కూడా. మా ఇంట్లో మాట వెనక్కి తీసుకోవడమంటే అదే. తిన్నాక అడిగాను, ఏమన్నాడని. "ఎద్దు మెడ నొస్తుండె బిడ్డా అన్నడు. ఇంకేం చెప్తలేడు" అంది. ఆ తర్వాత నేను కూడా చాలాసార్లు, చాలా రకాలుగా, కల్లు దుకాణంలో కూడా, అడిగి చూశాను. ఎద్దు మెడ తప్ప ఆయన నోట్లోంచి ఇంకోటి రాలేదు. మనిషి తన బువ్వను ఒక ఎద్దు మెడ కోసం వదులుకుంటాడా? ఏమో. ఆ గాజులు విరుగుతున్న చప్పుడు ఆయన భరించలేకపోయాడని నా నమ్మకం. చక్రం తప్పుగా నడుస్తుంటే, అది ఎవరి చక్రమైనా సరే, చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

తర్వాతి సరుకు వచ్చేసరికి ఎర్ర బండి మా షాపు ముందు ఎద్దు లేకుండా నిలబడి ఉంది. ఉస్తాద్ మామకు కబురు పంపాడు: బండి నాది, ఎద్దు నీది, కలిసి చేద్దామని. మామ జవాబు పంపలేదు. ఉస్తాద్ ఎక్కడెక్కడో ఎద్దును వెతికాడు. ఒకటి దొరికింది గాని దానికి గాజులంటే లెక్కలేదు, గోడలంటే కూడా లెక్కలేదు. ఇద్దరమూ దిగాలుగా కూర్చుని ఉండగా ఒక పొద్దున మామ ఎద్దును తాడు పట్టుకుని నడిపించుకుంటూ, హుస్సేనీ ఆలం నుంచి జహనుమా దాకా నడిచి వచ్చాడు.

"ఆడ గూడ్స్ షెడ్ల సరుకు పడి ఉంటే ఈడ పాన్‌లు నమిల్తుండ్రా ఇద్దరు?" అన్నాడు.

ఉస్తాద్ లేచి నిలబడి, "ఆవో భాయ్‌సాబ్, నీ బండే అనుకో" అన్నాడు.

"నాదెట్లయితది? నా బండికి చక్రాలుంటయ్" అని, మామ నేరుగా వెళ్లి టైరు మీద బొటనవేలు నొక్కి, నా వైపు తిరిగి, "మల్ల కట్టె లెక్క నింపినవ్" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఆ ఎర్ర బండి తోలాడు. బువ్వ పోలేదు. కానీ కొత్త చక్రం మళ్లీ చేయలేదు. పిడకలు కాల్చే చోట కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. కట్టె ముక్కలు ఎవరైనా పొయ్యిలోకి అడిగితే ఇచ్చేసేవాడు. నేను బాధపడి ఏదో అనబోతే, "నాకేం ఫికర్ లేదు గాని, ఆ గుడ్లు తీస్కపో, మీ ఇంట్ల తింటరు" అనేవాడు. కొన్నేళ్లకు సేటు కొడుకు ట్రాలీ ఆటో కొన్నాడు, గాజులు దాని వెనక కూర్చుని రావడం మొదలైంది. అప్పుడు ఎర్ర బండి కూడా మూలపడింది. ఆ రోజు మామ నవ్వుతూ మా షాపుకు వచ్చి, "ఏం ఉస్తాద్, నీ గాలి గూడ పాయె గదా" అని ఆయనకు చాయ్ తాగించాడు. ఇద్దరూ అప్పటికి మంచి దోస్తులయ్యారు. ఒకరి వెనకాల ఒకరు నాకు ఫిర్యాదులు చేసేంత దోస్తులు.

ఎనభైల మధ్యలో మామ రోజూ మా షాపు బెంచీ మీదే కూర్చునేవాడు. పాతబస్తీ డ్రైవర్లు గాలి కొట్టించుకుని, "బాబా, ఒకసారి సూడు" అని ఆయన వేలు పెట్టించుకుని గానీ కదిలేవారు కాదు. గాలి కొలిచే మీటరు ఉస్తాద్ కొన్నా దాన్ని ఎవరూ నమ్మలేదు. అప్పుడే కొత్త రకం టైర్లు రావడం మొదలైంది. నూలు గుడ్డ పోయి నైలాన్ వచ్చింది, నైలాన్ పోయి లోపల సన్నటి ఇనుప తీగలు వచ్చాయి. ఒకరోజు ఒక డాక్టరు కారు వచ్చి ఆగింది. దాని టైర్లు పక్కలకు ఉబ్బి, కిందికి జారిన పొట్టలా ఉన్నాయి. మామ చూసి, "గాలి లేదు, కొట్టు" అన్నాడు. డాక్టరు కంగారుగా దిగి, "వద్దు వద్దు, ఇవి కొత్త టైర్లు. ఇట్లనే మెత్తగా ఉండాలి. రోడ్డును పట్టుకుంటాయి, కుదుపు ఉండదు" అని చెప్పాడు. మామ ఆ కారు చుట్టూ ఒకసారి నడిచాడు. వేలు నొక్కాడు. వంగి టైరు కిందికి తొంగి చూశాడు. "లోపట మల్ల ఇనుము పెట్టిండ్రా?" అన్నాడు. అవునన్నాడు డాక్టరు. మామ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కడుపారా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. "మెత్తగుండాలని వీళ్లకిప్పుడు ఎర్కైందా అల్లుడా?" అన్నాడు. మామ ఎందుకు నవ్వుతున్నాడో తెలియక, ఆ డాక్టరు మర్యాదకు తాను కూడా కాసేపు నవ్వి వెళ్లిపోయాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఉస్తాద్ కూడా పోయాడు. షాపు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు. కాలం మనుషుల చేతుల్లోంచి పనులు లాక్కుపోతుందని అందరూ అంటుంటారు, నేనూ అంటుంటాను. కానీ మా మామ దగ్గర కాలానికి లాక్కునే శ్రమ కూడా లేకపోయింది. ఆయనే నడివీధిలో బండి ఆపి, కిందికి దిగి, గాలి తీయించి, దాన్ని మెత్తగా ముందుకు సాగనిచ్చాడు.